పళ్ల డాక్టర్ దగ్గర నోరు తెరవని తమ్ముడు: కనీసం చూపించుకోవడమైనా ఎలా?

సుభద్ర_కావలి
మా తమ్ముడికి ఇరవై ఆరేళ్లు. బుద్ధిమాంద్యం, సదరం సర్టిఫికెట్‌లో 75 శాతం వైకల్యం అని రాశారు. మాటలు తక్కువ, మనిషి మాత్రం బలంగా ఉంటాడు. కొన్ని వారాలుగా కుడి దవడ మీద అరచేత్తో కొట్టుకుంటున్నాడు, మెత్తటి పప్పన్నం తప్ప ఏదీ ముట్టడం లేదు. అమ్మ మొండికేశాడనుకుంది. నాకు పన్ను మీద అనుమానం వచ్చి నెల్లూరులో ఒక క్లినిక్‌కి తీసుకెళ్లాం. జనం మధ్య చాలాసేపు కూర్చోబెట్టారు, అప్పటికే వాడు అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టాడు. లోపలికి వెళ్లగానే నలుగురు చేతులూ కాళ్లూ పట్టుకున్నారు. వాడు కేకలు పెట్టాడు, నోట్లో పెట్టి చూసే అద్దం ఎగిరి అవతల పడింది. "ఇలాంటివాళ్లకి మత్తిచ్చి చేయాల్సిందే, లేదంటే ఇంట్లో అలవాటు చేసి తీసుకురండి" అని పంపేశారు. ఏం అలవాటు చేయాలో, ఎలా చేయాలో ఒక్క ముక్క చెప్పలేదు. ఇప్పుడు బ్రష్ చూపించినా లేచి వెళ్లిపోతున్నాడు.

పీకడం, సిమెంట్ పెట్టడం అన్నీ తర్వాత. ముందు ఆ నోట్లో ఏముందో ఒక డాక్టర్ చూడాలి కదా. మీ ఇళ్లలో ఎవరైనా ఇది దాటి ఉంటే చెప్పండి.

గూడూరు_నిమ్మతోట
అక్కా, అది మొండితనం కాదు. మా పాపకి ఆటిజం, ఇలాగే చెవి మీద కొట్టుకునేది. చెవి డాక్టర్ దగ్గరికి తిప్పాం, చుక్కల మందు వేశాం. చివరికి చూస్తే కింది దవడ పన్ను పుచ్చి లోపల చీము. నొప్పి అని చెప్పలేని పిల్లలు ఇలాగే చెబుతారు. ఉన్నట్టుండి తిండి మానేసినా, రాత్రి నిద్రపోకపోయినా, చొంగ ఎక్కువైనా ముందు నోరు చూడాలి.

మస్తాన్77
నేను వేరే మాట చెబుతా, కోపం తెచ్చుకోవద్దు. పట్టుకోవడం అంత తప్పేం కాదు. మా అన్న కొడుకుని గట్టిగా పట్టుకునే పన్ను తీయించాం, పది నిమిషాల్లో అయిపోయింది, సాయంత్రానికి అన్నం తిన్నాడు. నెలల తరబడి అలవాటు చేస్తూ కూర్చుంటే ఆ నొప్పి ఎవరు పడతారు?

కందుకూరు_లక్ష్మి
మస్తాన్ అన్నా, ఆ పది నిమిషాల తర్వాత మళ్లీ ఎప్పుడైనా ఆ అబ్బాయి డాక్టర్ దగ్గర నోరు తెరిచాడా? మా చెల్లెల్ని చిన్నప్పుడు అలాగే పట్టుకున్నారు. ఇప్పుడు దానికి ముప్పై దాటాయి. తెల్ల కోటు కనబడితే చాలు, మెడికల్ షాపు ముందు కూడా నడవదు. ఆ రోజు పన్ను ఒకటి తీశారు, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఎవరూ చూడక మిగతావి చాలావరకు పోయాయి.

మస్తాన్77
లేదు లక్ష్మి గారూ, ఆ తర్వాత తీసుకుపోలేదు. అది నిజమే. కానీ చీము పట్టినప్పుడు ఏం చేయమంటారు?

పీడో_ఒంగోలు
నేను పిల్లల దంతవైద్యం చేస్తాను. సుభద్ర గారూ, మస్తాన్ గారు అడిగినదానికే ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అది తొందర విషయం. చెంప వాచినా, జ్వరం వచ్చినా, నోరు సరిగా తెరుచుకోకపోయినా, నీళ్లు కూడా మింగలేకపోయినా అలవాటు చేసే కార్యక్రమం పక్కన పెట్టేయండి. మత్తు డాక్టర్ ఉన్న పెద్ద ఆసుపత్రికి ఆ రోజే వెళ్లాలి. దవడ కింద వాపు మెడ వైపు దిగితే ఊపిరికే ప్రమాదం.

అవేవీ లేకపోతే మీకు కొంచెం టైం ఉంది, దాన్ని ఇలా వాడుకోండి. మొదటిసారి వచ్చినప్పుడు నేను నోరు చూడను. కుర్చీ దగ్గరికి రావడం, దాన్ని తాకడం, బటన్ నొక్కి పైకీ కిందికీ పోనివ్వడం, ఇంటికి వెళ్లిపోవడం, అంతే. తర్వాతిసారి కూర్చోవడం. ఆ తర్వాత వాళ్లు రోజూ ఇంట్లో వాడే బ్రష్‌నే తెమ్మంటాను. దాంతో పెదవి పక్కకి జరిపి సెల్‌ఫోన్ లైట్ వేసి చూస్తే సగం సంగతులు తెలిసిపోతాయి. స్టీలు అద్దం చల్లగా తగులుతుంది, పంటికి తగిలితే టక్ మంటుంది, చాలామంది అక్కడే బెదురుతారు. ప్లాస్టిక్ అద్దాలు దొరుకుతాయి, నేను అవే వాడతాను. ఏ పనైనా ముందు చెప్పడం, తర్వాత వేలి మీదో గోరు మీదో చేసి చూపించడం, ఆ తర్వాతే నోట్లో చేయడం. 1959లో అడెల్‌స్టన్ అనే ఆయన రాసిన పద్ధతి ఇది, ఇప్పటికీ పిల్లల దంతవైద్యంలో మొదట నేర్పేది ఇదే.

పైన వేలాడే పెద్ద లైటు నేరుగా కళ్లలో పడకుండా చల్లద్దాలు పెట్టండి. గాలి మిషన్ చప్పుడు పడనివాళ్లకి హెడ్‌ఫోన్ పెట్టి వాళ్లకి నచ్చిన పాటే వేయండి. పొద్దున్నే మొదటి నంబర్ అడగండి, వెయిటింగ్ హాల్లో కూర్చోబెట్టొద్దు, ఆటోలోనో బయట చెట్టు కిందో ఉండి ఫోన్ చేయించుకోండి. ఇంకొకటి, ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టి ఆపేస్తానని చెబితే పదికి నిజంగా ఆపేయాలి. ఇంకా కొంచెమే అని పదకొండు అన్నామంటే ఆ మనిషి ఇక మనల్ని నమ్మడు.

సుభద్ర_కావలి
డాక్టర్ గారూ, వాపు లేదు, జ్వరం లేదు. కానీ మావాడికి ఇరవై ఆరు. పిల్లల డాక్టర్ చూస్తారా?

పీడో_ఒంగోలు
చూస్తాం. ప్రత్యేక అవసరాలు ఉన్నవాళ్ల వైద్యం మా ఎండీఎస్ (పళ్ల వైద్యంలో పీజీ) చదువులో భాగం. క్లినిక్ బోర్డు మీద చిన్నపిల్లల బొమ్మ ఉందని ఆగిపోకండి, ఫోన్ చేసి వయసు చెప్పి అడగండి. నెల్లూరులో డెంటల్ కాలేజీ ఉంది, మీకు కావలి నుంచి దగ్గరే. అక్కడ పిల్లల విభాగం, నోటి సర్జరీ విభాగం ఒకేచోట ఉంటాయి. వెళ్లే ముందు జనం తక్కువగా ఉండే వేళ ఏదో కనుక్కోండి.

భవిత_టీచర్
మా మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో పనిచేస్తాను. డాక్టర్ గారు చెప్పిన కుర్చీ అలవాటు గురించి నాకు తెలిసిన ఒక సంగతి. మా దగ్గర ఒక అబ్బాయి వెనక్కి వాలడానికి అస్సలు ఒప్పుకోడు, తల వెనక్కి పోతే పడిపోతున్నాననుకుని చేతులు కొట్టేవాడు. వాళ్ల నాన్న ఊళ్లో సెలూన్ ఆయన్ని అడిగాడు. మంగళవారం షాపు మూత కదా, జనం ఉండరు, ఆయన ఆ రోజు షట్టర్ సగం ఎత్తి వాళ్లిద్దరినీ లోపలికి రానిచ్చేవాడు. కత్తెర లేదు, కటింగ్ లేదు. కుర్చీలో కూర్చోవడం, తల వెనక పెట్టే దిండు మీద తల ఆనించడం, మెడ చుట్టూ గుడ్డ కట్టించుకోవడం, లేవడం. కొన్నాళ్లకి వాడే వెళ్లి కూర్చుని తల వాల్చేవాడు. డెంటల్ కుర్చీ ఎక్కినప్పుడు గుడ్డ కట్టకపోతే వాడే చేత్తో మెడ చూపించి అడిగాడట.

ఫోటోల పుస్తకం కూడా పనికొస్తుంది. ఎవరివో బొమ్మలు వద్దు. మీరు వెళ్లబోయే క్లినిక్‌వే తీసుకోండి: గేటు, మెట్లు, చెప్పులు విడిచే చోటు, కుర్చీ, డాక్టర్ మాస్క్ లేకుండా ఒకటి, మాస్క్‌తో ఒకటి, ఆఖరున మన ఇంటి గుమ్మం. ఆ చివరి ఫోటో తప్పకుండా ఉండాలి, ఇంటికి తిరిగొస్తామని వాళ్లకి తెలియాలి. రోజూ అన్నం తిన్నాక తిరగేయండి.

గూడూరు_నిమ్మతోట
సెలూన్ ఐడియా ఎంత బాగుందో. ఆ సెలూన్ ఆయనకి దండం పెట్టాలి.

పెన్నా_గట్టు
అన్నీ బాగున్నాయి కానీ ఇంత టైం ఏ డాక్టర్ ఇస్తాడు? నెల్లూరు పొగతోటలో ఏ క్లినిక్‌కైనా పోండి, బయట ఇరవై మంది కూర్చుని ఉంటారు. నోరు చూడకుండా కుర్చీ మాత్రం ఎక్కించి పంపిస్తే ఆయనకి ఏం మిగులుతుంది? డాక్టర్లని తిట్టడం తేలిక.

కందుకూరు_లక్ష్మి
ఎవరూ తిట్టడం లేదు పెన్నా గారూ. టైంకి డబ్బు అడగమనండి, ఇస్తాం. కుర్చీలో కూర్చోవడానికి కూడా కన్సల్టేషన్ ఫీజు తీసుకోమని మేమే చెప్పాం. పట్టుకుని చేసి పాడు చేశాక మత్తు కోసం వేలకు వేలు పెట్టే బదులు ఇదే చవక.

పీడో_ఒంగోలు
పెన్నా గారి మాటలో నిజం ఉంది. చిన్న క్లినిక్‌లో ఒక్క డాక్టర్, ఒక్క అసిస్టెంట్, అద్దె, కరెంటు బిల్లు. నేను ఇలాంటివాళ్లని క్లినిక్ తెరిచే టైం కంటే కొంచెం ముందు రమ్మంటాను, అప్పుడు వేరే పేషెంట్లు ఉండరు. కుర్చీ ఎక్కి దిగే పనికి పెద్ద టైం పట్టదు, ఐదు నిమిషాలు చాలు. టైం అంతా పోయేది బెదిరిపోయినవాళ్లని మళ్లీ దారికి తెచ్చుకోవడంలో.

రాత్రి_డ్యూటీ_నర్సు
సుభద్ర గారూ, తమ్ముడికి ఫిట్స్ మాత్రలు ఏమైనా వాడుతున్నారా? ఎప్టాయిన్ లాంటివి ఏళ్ల తరబడి వాడితే చాలామందికి చిగురు వాచి పళ్ల మీదకి పెరుగుతుంది, బ్రష్ చేస్తే రక్తం వస్తుంది, అందుకే బ్రష్ అంటే పారిపోతారు. అలాగని మాత్ర మీరే ఆపేయకండి, ఫిట్స్ వస్తే ప్రాణం మీదకొస్తుంది. పళ్ల డాక్టర్‌కి ఆ మాత్ర పేరు చెప్పండి, నరాల డాక్టర్‌కి చిగుళ్ల సంగతి చెప్పండి. చిగురు శుభ్రంగా ఉంచితే వాపు చాలావరకు అదుపులో ఉంటుంది. తియ్యటి సిరప్‌లు రాత్రి పడుకునే ముందు ఇచ్చి అలాగే నిద్రపుచ్చడం కూడా చూస్తుంటాను. మందు వేశాక నీళ్లు తాగించి పళ్లు తుడవండి.

డౌన్ సిండ్రోమ్ పిల్లల అమ్మానాన్నలు ఇంకో మాట గుర్తుపెట్టుకోండి. వాళ్లలో చాలామందికి పుట్టుకతో గుండె లోపం ఉంటుంది. ఆపరేషన్ అయినా కాకపోయినా ఆ కాగితాలు పళ్ల డాక్టర్‌కి ముందే చూపించాలి. కొన్ని గుండె జబ్బుల్లో పన్ను తీసే ముందు యాంటీబయాటిక్ వేస్తారు.

సుభద్ర_కావలి
అవునండీ, చిన్నప్పటి నుంచి ఎప్టాయినే. ముందు పళ్ల దగ్గర చిగురు ఉబ్బి ఉంటుంది. ఇన్నాళ్లూ ఎవరూ ఈ రెండూ కలిపి చెప్పలేదు.

ఉదయగిరి_రమణ
మా వైపు, కనిగిరి, పొదిలి వైపు వాళ్లకి ఒక మాట. మా నీళ్లలో ఫ్లోరైడ్. పళ్ల మీద గోధుమ రంగు చారలు చూసి చాలామంది ఊళ్లో అందరికీ ఉన్నవేలే అని వదిలేస్తారు. మా మేనల్లుడి విషయంలో అదే జరిగింది, ఫ్లోరైడ్ మచ్చ అనుకున్నది పుప్పి. మాటలు వచ్చిన పిల్లాడైతే జివ్వుమంటోందని చెప్పేవాడు.

పీడో_ఒంగోలు
రమణ గారు చెప్పింది రోజూ చూసేదే. ఫ్లోరైడ్ మచ్చ ఎక్కువగా రెండు వైపులా ఒకే రకంగా, చారలుగా ఉంటుంది. పుప్పి ఒక చోట గుంట పడుతుంది, అక్కడ మెత్తబడుతుంది. ఇంట్లో చూసి తేల్చుకోకండి, అందుకే చూపించమనేది.

మస్తాన్77
డాక్టర్ గారూ, పుప్పి ఉందని తెలిశాక డ్రిల్లు పెట్టాలి కదా. అక్కడ మళ్లీ మొదటికే వస్తుంది కథ.

పీడో_ఒంగోలు
అన్నిసార్లూ డ్రిల్లు అక్కర్లేదు. సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ అనే మందు ఉంది, 38 శాతం ద్రావణం. పన్ను తుడిచి చిన్న బ్రష్‌తో పుప్పి మీద అద్దితే ఒక నిమిషం పని, చప్పుడు లేదు, సూది లేదు. చాలా పుప్పులు అక్కడికక్కడ ఆగిపోతాయి. మళ్లీ ఆరు నెలలకి ఒకసారి అద్దాలి. పుచ్చిన భాగం మాత్రం నల్లగా అయిపోతుంది, అది పోదు. నరం దాకా పోయి చీము పట్టిన పంటికి ఇది పనికిరాదు. చేతి పరికరంతోనే మెత్తబడిన భాగం తీసేసి సిమెంట్ నింపే పద్ధతి కూడా ఉంది, కరెంటు లేని పల్లెల కోసం 1980ల్లో టాంజానియాలో మొదలైంది.

గూడూరు_నిమ్మతోట
ఆ నల్ల మందు మా పాపకి వేయించాం. ముందు పళ్లకి మాత్రం వద్దన్నాను. ఇప్పటికే నలుగురూ దాన్ని వింతగా చూస్తారు, పళ్లు కూడా నల్లగా ఉంటే ఇంకెన్ని మాటలంటారోనని.

కందుకూరు_లక్ష్మి
నేనైతే మా చెల్లెలికి ముందు పళ్లకి కూడా వేయించాను. చూసేవాళ్ల కళ్ల కోసం దాన్ని మత్తు టేబుల్ ఎక్కించలేను. అయినా ఎవరి పిల్లల సంగతి వాళ్లకి తెలుస్తుంది, మీరు చేసింది తప్పని అనడం లేదు.

చీరాల_సంధ్య
ఇక్కడ అందరూ పిల్లల గురించే రాస్తున్నారు. మా అన్నయ్యకి స్కిజోఫ్రెనియా, నలభై దాటాయి. మాత్రల వల్ల నోరు ఎప్పుడూ ఎండిపోయి ఉంటుంది, దానికి తోడు రోజంతా చక్కెర టీ. పళ్లు వరసగా పాడయ్యాయి. పంట్లో ఏదో మిషన్ పెడతారని ఆయన భయం. మొదట చూపించిన చోట డాక్టర్ ఆయనతో మాట్లాడకుండా అన్నీ నన్నే అడిగాడు, అన్నయ్య లేచి వచ్చేశాడు. రెండో చోట ఆమె మొదట అన్నయ్యకి నమస్కారం పెట్టి కుర్చీ ఎత్తు తనూ తగ్గించుకుని కూర్చుంది. చేతికి ఒక అద్దం ఇచ్చి, "నేను ఏం చేస్తున్నానో మీరు చూస్తూ ఉండండి, చెయ్యి ఎత్తితే ఆపేస్తాను" అంది. ఆయన నిజంగానే చాలాసార్లు చెయ్యెత్తాడు. ఎత్తినప్పుడల్లా ఆపింది. పరీక్ష పూర్తయింది. అది చూసి నాకు కళ్లనీళ్లు వచ్చాయి. ఇన్నేళ్లలో ఆయన ఆపమంటే ఆపినవాళ్లు ఎవరు?

భవిత_టీచర్
సంధ్య గారూ, ఆ చెయ్యెత్తడం మాటలు రాని పిల్లలకి కూడా నేర్పొచ్చు. మేం నేర్పుతున్నాం.

పెన్నా_గట్టు
ఖర్చు సంగతి అడుగుతాను. ఇన్సూరెన్స్ ఏదైనా పనికొస్తుందా?

మార్కాపురం_శ్రీను
కేంద్ర ప్రభుత్వ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ అనే ఆరోగ్య బీమా ఉంది. ఏడాదికి లక్ష రూపాయల దాకా. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకి. అందులో ఓపీ ఖర్చులతో పాటు పళ్లు పాడవకుండా చేసే వైద్యం కూడా ఉంది. చేరడానికి పేద కుటుంబాలకి 250, మిగతావాళ్లకి 500 రూపాయలు. ముందు మనం కట్టి తర్వాత బిల్లులు పంపాలి, కాబట్టి ప్రతి కాగితం దాచుకోండి. సంధ్య గారి అన్నయ్య లాంటి మానసిక జబ్బులకి మాత్రం ఇది రాదు, అది నాకు కూడా బాధే.

ఇంకొకటి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్‌లో వైద్యంలో ముందు వరస ఇవ్వాలని రాసి ఉంది. మానసిక జబ్బులు కూడా ఆ చట్టంలోకి వస్తాయి. మొదటి నంబర్ అడగడం అంటే ఎవరి కాళ్లో పట్టుకోవడం కాదు, సదరం సర్టిఫికెట్ చూపించి అడగండి.

సుభద్ర_కావలి
చాలా రాసుకున్నాను. బ్రష్ పక్కన పెట్టేశాం, అమ్మ ప్రస్తుతం మెత్తటి తడిగుడ్డతో తుడుస్తోంది. వాడు కూర్చుని ఉంటే వెనక నిలబడి తల పొట్టకి ఆనించుకుంటే ఊరుకుంటున్నాడు, ముందు నుంచి వెళితే నెట్టేస్తున్నాడు. చెంపలో అన్నం ముద్ద అలాగే ఉండిపోతోందని ఇప్పుడు తెలిసింది. డెంటల్ కాలేజీకి ఫోన్ చేశాను, కుర్చీ చూసి రావడానికి ఒప్పుకున్నారు. ఒక ప్రశ్న, బహుమతిగా ఏం ఇవ్వాలి? వాడికి మలై కాజా అంటే ప్రాణం.

రాత్రి_డ్యూటీ_నర్సు
పళ్లు చూపించుకున్నందుకు మలై కాజానా! ఆ డాక్టర్ గారు కూడా మనసులో ఓ ముక్క అడుగుతారు.

గూడూరు_నిమ్మతోట
నెల్లూరు మనిషికి మలై కాజా వద్దనడం పాపం అక్కా. అది పండక్కి ఉంచండి. మా పాపకి వచ్చే దారిలో రైలు గేటు దగ్గర ఆగి ఒక గూడ్సు బండి పోయేదాకా చూపిస్తాం, దానికి అంతకంటే ఏమీ వద్దు.

పీడో_ఒంగోలు
ఆ వెనక నిలబడే పద్ధతి మంచిది, క్లినిక్‌లో కూడా అలాగే చూడమని వాళ్లకి చెప్పండి. వేలు పళ్ల మధ్య పెట్టకండి, చెంపకీ పళ్లకీ మధ్య సందులో ఉంచండి, కొరికే అవకాశం ఉండదు. చూశాక మత్తు అవసరమని తేలినా బాధపడొద్దు. మస్తాన్ గారి ప్రశ్నకి కూడా అదే జవాబు, పెద్ద పని ఉంటే పట్టుకుని చేయడం కంటే పూర్తి మత్తులో నోరంతా ఒకేసారి బాగుచేయించడం మేలు. దానికి ఆరు గంటల ముందు నుంచి అన్నం పెట్టకూడదు, వంటింటి తలుపుకి తాళం వేసుకోండి. కానీ మత్తులో బాగుచేయించాం కదా అని అలవాటు మానకండి. మానితే కొన్నేళ్లకి మళ్లీ మత్తే.

మస్తాన్77
సరే డాక్టర్ గారూ. మా అన్నకి ఈ పేజీ మొత్తం చదివి వినిపిస్తా. వాళ్ల అబ్బాయికి మళ్లీ చూపించాలి ఎలాగూ.

అద్దంకి_పార్వతి
ఇప్పుడే ఈ చర్చ చూశాను. మా అమ్మాయికి సెరిబ్రల్ పాల్సీ, పద్నాలుగేళ్లు, చక్రాల కుర్చీ. చెంచా పెదవికి తగిలితే చాలు, టక్కున నోరు బిగిసిపోతుంది, కావాలని చేయదు. డెంటల్ కుర్చీలోకి ఎత్తడానికి ఇద్దరు కావాలి, పడుకోబెడితే దగ్గు వస్తుంది. వీళ్లకి ఎలా చూస్తారు?

పీడో_ఒంగోలు
పార్వతి గారూ, ఎత్తక్కర్లేదు, తన కుర్చీలోనే చూస్తాను. పూర్తిగా పడుకోబెట్టకూడదు, ఉమ్మి గొంతులోకి పోతుంది, సగం వాలుగా చాలు. ముందు పళ్లకి లోహం తగిలితే బిగిసే గుణం చాలామందికి ఉంటుంది, అందుకే పెదవి చివర నుంచి చెంప లోపలిగా మెల్లగా వస్తాం. తిన్న వెంటనే కాకుండా కొంత గ్యాప్ ఇచ్చి తీసుకురండి, తను వాడే తల దిండు కూడా తెండి. మా క్లినిక్‌కి రెండు మెట్లున్నాయి. వచ్చే ముందు రోజు మెసేజ్ పెడితే చెక్క వేయించి ఉంచుతాను.